పన్నెండో పంజరం

రాత్రిపూట ల్యాబులో ఒక్కతే పనిచేసుకోవడం ఆమెకు ఇష్టం. కొవ్వు మేతతో బలిసిన ఎలుకలు, మైక్రోస్కోపు, ఫ్లాస్కు నిండా కాఫీ ఉంటే చాలు, ప్రాణం హాయిగా ఉంటుంది. సగం పంజరాలకు మామూలు నీళ్లు, సగానికి కెఫీన్ కలిపిన నీళ్లు. క్లోమంలో వాపు ఏ గుంపుకి తగ్గుతుందో తేలాలి.

పన్నెండో పంజరం మామూలు నీళ్లది. అందులోని ఎలుకను మొన్న ఆమే కోసింది. దాని క్లోమం ముక్క ఇప్పుడు మైక్రోస్కోపు కింద ఉంది. ఎక్కడ చూసినా వాపే.

"ఇంకా ఇంటికెళ్లలేదా అమ్మా?" తలుపు దగ్గర వాచ్‌మన్ ఆగాడు.

"ఈ కాఫీ అయ్యాక వెళ్తా, బాబాయ్."

అతను వెళ్లాక, ఖాళీగా ఉన్న పన్నెండో పంజరం నీళ్ల సీసాలో బుడగ లేచింది. ఆమె చూస్తుండగానే నీళ్లు ఒక గీత కిందికి దిగాయి. గుటకల చప్పుడు వినిపించింది.

"పాపం, నీకెప్పుడూ ఉత్త నీళ్లేగా," అంటూ ఆమె సీసా మార్చి కెఫీన్ నీళ్లు పెట్టింది. గుటకలు జోరందుకున్నాయి.

తిరిగొచ్చి మైక్రోస్కోపులో చూసింది. వాపు సగానికి సగం తగ్గింది.

ఆమె తృప్తిగా కాఫీ తాగి, పెన్ను తీసింది.

"ఇప్పుడు నిన్ను ఏ గుంపులో రాయనే?"

గుటకలు ఆగిపోయాయి.