చేలో నిలబడిన ఫోటో

“ఆ జీపు ఇవాళ వస్తుందంటావట్రా? నిన్నట్నుంచి నాకు ముద్ద దిగడం లేదు.”

అమ్మ కిటికీ చువ్వలు పట్టుకుని వీధిలోకి చూస్తోంది. చిన్నోడికి ఒళ్ళు మండింది. వ్యవసాయాఫీసు జీపు పక్క ఊళ్ళో తిరుగుతోందని తెలిసిన దగ్గర్నుంచి ఇదే గోల. ఆవిడకి కుక్క మొరిగితే దొంగలు, ఫోను మోగితే చావు కబురు.

“రాదులేమ్మా, ధైర్యంగా ఉండు.”

ఆ మాటకి అమ్మ మొహం ఇంకా వాడిపోయింది.

“పోనీ, వస్తే? నువ్వు చేలో దిగి ఎన్నాళ్ళయింది?”

“దిగడానికి వదిన ఉందిగా!”

నిజమే. అన్న పోయాక దుక్కి, విత్తు, కలుపు అన్నీ వదినే. పంట వేసినవాళ్ళకి సర్కారు ఇచ్చే సాగు సాయం మాత్రం బజార్లో టైర్ల కొట్టు నడిపే చిన్నోడి ఖాతాలో పడుతోంది. ఎరువుకి కావాలని వదిన అడిగితే “చూద్దాం” అంటాడు. చూడడు. పోయినేడు ఎరువు లేక కంకులు బొటనవేలంత కూడా ఊరలేదు.

మధ్యాహ్నం జీపు రానే వచ్చింది. నేరుగా చేను దగ్గరే ఆగింది. కబురంది చిన్నోడు పరిగెత్తుకెళ్ళేసరికి ఫోను పట్టుకుని ఇన్‌స్పెక్టరమ్మ దిగింది.

“సాయం తీసుకునేది మీరేనా? మీ చేలో నిలబడండి, ఫోటో తీయాలి.”

చిన్నోడు చొక్కా సర్దుకున్నాడు. గట్టు దిగి, మొక్కజొన్న మధ్య పెళ్ళికొడుకులా నిలబడ్డాడు.

ఆవిడ ఫోనులో మ్యాపు చూసింది. అతన్ని చూసింది. మళ్ళీ మ్యాపు చూసింది.

“మీది గట్టుకి అటువైపండీ. అది పక్కవాళ్ళ చేను.”

పక్కచేను ఆయన పారకర్ర మీద గడ్డం ఆనించి, “ఉండనివ్వండి మేడం, దిష్టిబొమ్మ లేక పిట్టలు తినేస్తున్నాయి” అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. డబ్బు ఆపేస్తున్నామనీ, సాగు చేసేదెవరో విచారించి వాళ్ళ పేరుకి మారుస్తామనీ చెప్పి జీపెక్కింది.

ఇంటికి రాగానే చిన్నోడు చెంబు తీసి గోడకేసి కొట్టాడు.

“ఊరంతా వదిలేసి తిన్నగా మన చేను దగ్గరికే ఎలా వచ్చారు? నువ్వే కదూ చెప్పింది వదినా? నంగనాచిలా ఉంటూ నా కొంపకే నిప్పు పెడతావా?”

“నాకేం తెలీదయ్యా. పిల్లదాని మీద ఒట్టు.”

“రేపట్నుంచి చేలో అడుగుపెట్టావంటే కాళ్ళు విరగ్గొడతా! పిల్లదాన్ని తీసుకుని మీ పుట్టింటికి పో!”

మట్టి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వదిన నిలబడిపోయింది. తుడుస్తూనే ఉంది.

“నువ్వు కాకపోతే మరెవరు? మాట్లాడరేం? ఈ ఇంట్లో నోళ్ళు పడిపోయాయా? చెప్పిందెవరు?”

పొయ్యి మీద ఎసరు మరిగి, పొంగి, మూత కిందపడి గిరగిరా తిరిగి ఆగింది.

చివరికి అమ్మ కిటికీ దగ్గర్నుంచి ఇటు తిరిగింది.

“నేనేరా, ఎన్నిసార్లు ఫోన్ చేస్తే వచ్చిందనుకున్నావ్ ఆ జీపు!”