పెడల్‌లో చిక్కిన కాలు

నడిరోడ్డు మీద పడిన ఆమె కాలిని పెడల్ నుంచి విడిపించడానికి పక్కనున్న తన షాపులోంచి పరుగెత్తుకొచ్చిన సైకిల్ మెకానిక్, ఆ పెడల్ స్క్రూని ఎవరో చివరిదాకా బిగించేశారని కనిపెట్టి అదిరిపడ్డాడు.

"ఈ బూటు పెడల్‌కి తాళంలా పడుతుంది మేడమ్. మడమ పక్కకి తిప్పితే టక్కున ఊడిరావాలి. నేను వదులుగానే పెట్టిచ్చాను!"

"వారం రోజులుగా ఆగిన ప్రతిచోటా పడుతున్నానయ్యా. పడటానికే పుట్టానేమో అనుకున్నా," అందామె సైకిల్ కింద నుంచి లేవలేక. ఆమె తలకి జానెడు దూరంలో ఒక లారీ ఆగి ఉంది.

స్కూటర్ మీద వెనకే వచ్చిన భర్త, బూటు విప్పి ఆమె కాలు బయటికి లాగాడు. అతను సిటీబస్సు డ్రైవరు.

"లారీని కాదు, నన్ను చూడండి. ఎవరు బిగించారు?" అందామె, తన కళ్ళలోకి చూడకుండా లారీ వైపే చూస్తున్న భర్తతో.

"నేనే. బస్సు అద్దంలో రోజూ చూస్తాను, సైకిళ్ళ వాళ్ళు చక్రం పక్కనే ఊగుతుంటారు. మన వీధిలో రెండుసార్లు పడితే భయపడి మానేస్తావనుకున్నా. నువ్వేమో దులుపుకుని లేచి మెయిన్ రోడ్డెక్కావు. చెప్పడానికి నోరు రాలేదే. వెనకాలే రావడం తప్ప ఇంకేం తోచలేదు."