చాప కింద పెద్దమనిషి

తెల్లారిపోయింది. మాలోసి ఇంకా చాప కిందే ఉన్నాడు.

ఊళ్లో ఆయన ఒక వంశానికి పెద్ద. చర్చిలో ముందు వరస ఆయనది, పంచాయితీలో ఆఖరి మాట ఆయనది. అలాంటి మనిషి పక్క ఊరొచ్చి, తిలేసా అనే ఇరవై ఏళ్ల పిల్ల ఇంటిముందు గులకరాళ్ల మీద కూలబడి, తల మీదుగా వంశపు చాప కప్పుకున్నాడు. సమోవాలో తప్పు చేసినవాడు ఇఫోంగాకి, అంటే మన్నింపు కోరడానికి, కూర్చునే తీరు అదే. ఇంటివాళ్లు వచ్చి చాప తీస్తే క్షమించినట్టు. తీయకపోతే ఎండెక్కినా కదలకూడదు. బంధువులందరినీ వెంటేసుకుని రావలసిన పని ఇది. సిగ్గుకొద్దీ ఆయన ఒక్కడే వచ్చాడు, అదీ ఎవరి కంటా పడకుండా సముద్రపొడ్డు వెంట.

లోపల మనుషులు గుసగుసలాడుకోవడం వినిపిస్తోంది. ఎవరూ బయటికి రావడం లేదు. రాకపోయినా న్యాయమే అనుకున్నాడు.

ఇదంతా కొమ్ము పురుగు తెచ్చిన తంటా. తాతల నాడు ఓడలెక్కి వచ్చిన ఆ పురుగు ఈమధ్య మళ్లీ పెట్రేగి, దీవిలో కొబ్బరి మొవ్వులన్నీ తొలిచేస్తోంది. దాన్ని దానితోనే చంపే విద్య కొందరు కుర్రకారుకు నేర్పారు. పురుగుల్ని పట్టి, నోట్లో మందు చుక్క వేసి రోగం ఎక్కించి, మళ్లీ తోటలోనే వదలాలి. అవి వెళ్లి తమ జాతికంతా అంటిస్తాయి. శిక్షణ చివర పరీక్షగా ఒక్కొక్కరికి ఒక్కో తోట అప్పగిస్తారు. అక్కడ పురుగు తగ్గితేనే పట్టా, పట్టా ఉంటేనే ఉద్యోగం. తిలేసాకి మాలోసి తోట వచ్చింది.

ఈ సంగతంతా శిక్షణ ఇచ్చే ఇయోసెఫో మాస్టారు ఊరి సభలో విడమరిచి చెప్పాడు. మాలోసి వింటేగా! కొబ్బరి గురించి తనకొకడు చెప్పేదేమిటని, కావా పానీయం గిన్నె పక్కన చేరి చేపల వేట కబుర్లలో పడ్డాడు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం తోటకు వెళ్తే ఏముంది, తిలేసా పెట్టె తెరిచి చెట్ల మొదట్లో కొమ్ము పురుగుల్ని కుమ్మరిస్తోంది. ఆయనకు మతిపోయింది. పరాయి ఊరి ఆడపిల్లతో గొడవెందుకని ఆమె వెళ్లేదాకా పొద చాటున ఆగాడు. ఆ తర్వాత, అవి రెక్క విప్పేలోపే, దొరికినదాన్ని దొరికినట్టు మడమతో నలిపేశాడు. ఇంటికొచ్చి, తోటను కాపాడుకున్నానని భార్య లూపే దగ్గర గొప్పలు పోయాడు.

లూపే సభలో శ్రద్ధగా విన్న మనిషి. "నువ్వు నలిపింది పురుగుల్ని కాదు, మందుని," అంది. "దాంతోపాటు ఆ పిల్ల బతుకునీ."

అప్పుడే వెళ్లి చెప్పేస్తే పోయేది. పెద్దరికం అడ్డొచ్చింది. నెలలు గడిచాయి. మిగతా ఊళ్లలో పురుగు తగ్గింది. మాలోసి తోటలో మాత్రం ఆకులు కత్తెర వేసినట్టే వస్తున్నాయి. పట్టాలిచ్చే రోజున మాస్టారు తిలేసాని అందరి ముందూ నిలబెట్టి, ఆ తోటలో ఏం చేశావమ్మా అని అడిగాడు. ఆమె ఒక్కసారి మాలోసి వంక చూసింది. వెంటనే తల దించుకుంది. ఎంత అడిగినా నోరు విప్పలేదు.

ఆ చూపుకి ఆయన ప్రాణం చచ్చిపోయింది. ఈ పిల్ల ఆవేళ తనను చూసింది. పెద్దవాడి పరువు తీయడం ఇష్టం లేక నింద నెత్తినేసుకుంది. తను మాత్రం ముందు వరసలో, కుర్చీలో, రాయిలా కూర్చున్నాడు.

పట్టా పోయింది. ఆమె ఇప్పుడు బస్సులు ఆగే చోట ఉడికించిన చేమదుంపలు అమ్ముతోంది. ఆయన బస్సెక్కడం మానేశాడు. కొబ్బరిపాలు పోసి ఏం వండినా గొంతు దిగడం లేదు. చర్చిలో పాపాల మాట వస్తే చాలు, పాస్టరు తననే చూస్తున్నట్టు చెమటలు పడుతున్నాయి.

నిన్న లూపే కోకో ముంత తెచ్చి ఆయన ముందు పెట్టింది. "పసిదాని నెత్తిన నీ పరువు పెట్టావు కదా, ఇక నింపాదిగా తాగు," అంది. ఆయన ముంత ముట్టుకోలేదు. లేచి, పరుపు కింద దాచిన వంశపు చాప బయటికి తీశాడు.

గులకరాళ్లు చప్పుడయ్యాయి. చాప తొలగింది. ఎదురుగా తిలేసా మేనత్త సీయు నిలబడి ఉంది. ఆయన తలెత్తలేకపోయాడు.

"అమ్మా, పిల్ల తప్పేం లేదు. తను వదిలిన పురుగుల్ని చంపింది నేను. మాస్టారి దగ్గరికి నేనే వచ్చి చెబుతాను. ముందు తనని పిలువు, తన ముందు ఒప్పుకోవాలి."

సీయు పిలవలేదు. చాప చేత్తో పట్టుకునే ఆయన ఎదురుగా రాళ్ల మీద చతికిలబడింది.

"అన్నీ చంపేశారా?"

"ఒక్కటీ మిగల్చలేదు."

ఆమె ముఖంలో ఏడుపో నవ్వో తెలియలేదు.

"తిలేసా ఇంట్లో లేదు అన్నయ్యగారూ, పోల్చి చూసుకోవడానికని రోగం ఎక్కించకుండా ఉంచిన మంచి పురుగుల పెట్టెని పొరపాటున మీ తోటలో కుమ్మరించానని ఏడ్చి ఏడ్చి, చీకటితోనే మా చాప తీసుకుని కొండదారిన వెళ్లి మీ ఇంటిముందు కూర్చుంది."