వరిపిట్టల పలావు

"ఏమయ్యా, కొంప మునిగింది" అంటూ లోపలికి వచ్చింది బైనా.

ఆమె మొగుడు రెంటీ తుపాకీ తుడుచుకుంటున్నాడు. కరోలినా వరిచేలన్నీ పాలకంకి మీదున్నాయి. తెల్లారిందంటే చాలు, వరిపిట్టలు దండు కట్టి నది దాటి వచ్చి పడతాయి. పిల్లలు గట్ల మీద డబ్బాలు వాయిస్తూ తోలతారు, రెంటీ కాలుస్తాడు. పడినవి పలావులోకి.

"ఏమైందే?"

"ఉత్తరాన ఆవిడ ఊళ్ళో ఉండే పిట్టల గురించి పిల్లలు టీచరమ్మని అడిగారట. ఆవిడ ఒక బొమ్మ గీసింది. ఒళ్ళు నలుపు, వీపు తెలుపు, మెడ వెనక వెన్నరంగు. తోక ఈక కొన ముల్లులా గుచ్చుకుంటుందట. దాని పాట 'బాబ్ ఓ లింకన్' అన్నట్టు వినిపిస్తుందని బాబొలింక్ అంటారట."

"లింకనా?"

"ఆఁ. మన సంకెళ్ళు తెంచిన లింకన్ గారి పేరు పలికే పిట్ట మీద ఈగ వాలనివ్వమని పిల్లలు ఒట్లు పెట్టుకున్నారు. ఆ పాట తలుచుకుని టీచరమ్మకి కళ్ళనీళ్ళు."

రెంటీ గుడ్డ పక్కన పడేశాడు. "అది మన వరిపిట్టేనే."

"తెలుసు కాబట్టేగా పరిగెత్తుకొచ్చాను."

ఆ సంగతి ఊళ్ళో వాళ్ళిద్దరికే తెలుసు. ఒక ఏడు సగం నలుపు, సగం గోధుమరంగు ఉన్న పిట్ట రెంటీ గుండుకి పడింది. వసంతంలో నల్లకోటుతో ఉత్తరానికి పోయే పిట్టే, రంగు మార్చుకుని వరికి వస్తుందని అప్పుడు అర్థమైంది.

"పిల్లలకు తెలిస్తే తోలడం మానేస్తారు, గింజ దక్కదు. టీచరమ్మకు తెలిస్తే రేపే పడవెక్కుతుంది. ఇంతకుముందు వచ్చినాయన దోమలకే పారిపోయాడు. మన ఫీబీ గతేం కాను?"

ఫీబీ వాళ్ళ కూతురు. బైబిల్లో తన పేరు వెతుక్కుని ఇప్పుడిప్పుడే చదువుతోంది. బానిసరోజుల్లో అక్షరం నేర్చిందని బైనా తల్లి వీపు కొరడాతో చీల్చారు. బైనాకు ఆ బడి అంటే ప్రాణం.

టీచరమ్మ అన్నా అంతే. మిస్ థేయర్ వాళ్ళింట్లోనే దిగింది. వచ్చిన సాయంత్రం టోపీ అయినా తీయకుండా గడప మీద బైనా పక్కన కూర్చుని వంటపనిలో చెయ్యేసింది, బుట్టెడు పిట్టలూ అయ్యేదాకా లేవలేదు. బైనాను 'మీరు' అన్న మొదటి తెల్లమనిషి ఆవిడే.

"భయపడకు. ఆవిడ ఎరిగింది నల్లకోటు పిట్టని. మన గోధుమరంగు పిట్ట ఎదురొచ్చినా పోల్చుకోలేదు" అన్నాడు రెంటీ.

ఆ రాత్రీ పలావే. చలికాలం వచ్చి పందిని కోస్తే తప్ప వాళ్ళింట వేరే మాంసం ఉండదు. మిస్ థేయర్ ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేసింది. అన్నం చల్లారిపోతోందని బైనా లోలోపల విసుక్కుంది.

"టీచరమ్మా, చలికాలం బాబొలింక్ ఎక్కడికి పోతుంది?" అని అడిగింది ఫీబీ.

బైనా చేతిలో గరిట ఆగిపోయింది.

"దక్షిణానికి ఎక్కడికో. నువ్వు తిను" అంది మిస్ థేయర్. తన గిన్నె ఖాళీ చేసి, "బాగుంది బైనా" అంది.

కోతలయ్యాయి. గింజ ఇంటికి చేరింది. చలికాలం పోయేసరికి ఫీబీ వాళ్ళ నాన్నకే పత్రిక చదివి వినిపిస్తోంది. ఇక గండం గడిచిందనుకుంది బైనా.

మే నెలలో ఒక ఉదయం చేల మీద పాట మొదలైంది. నల్లకోటు పిట్టలు గుంపులుగా దిగాయి. పాఠం మధ్యలో వదిలేసి టీచరమ్మ గట్టు మీదికి పరిగెత్తిందని తెలిసి బైనా వెనకే పరుగుతీసింది. అక్కడ ఆవిడ ఒక్కతే నిలబడి పాట వింటోంది, చెంపలు తడిసిపోయి ఉన్నాయి.

ఆ ముఖం చూశాక దాచడం బైనా వల్ల కాలేదు.

"టీచరమ్మా, నన్ను క్షమించండి. కోతల కాలమంతా మీకు పెట్టింది వీటినే. చెబితే వెళ్ళిపోతారని భయపడ్డాను. పాపం, తెలియక తిన్నారు."

మిస్ థేయర్ ఆమె చెయ్యి పట్టుకుంది.

"మొదటిరోజు మీతో కూర్చుని ఆ ముల్లుతోక ఈకలు పీకింది నేనే కదా, బైనా."