గడియారమ్మ

"నలభై నిమిషాలు దాటాయి," అంది ఆయా, గోడ గడియారం మీంచి చూపు తిప్పకుండానే. అప్పుడు గానీ ఆమె చేతిలోని తడిగుడ్డ కర్ర కదల్లేదు. పాపను ఆపరేషన్ థియేటర్లోకి తీసుకెళ్ళినప్పటి నుంచీ ఆమె ఆ తలుపు ముందే నిలబడిపోయింది.

తల్లి చూపు ఆ తలుపు మీదే ఉంది. పాపకు ఐదేళ్ళు. కాలేయంలో గడ్డ, లక్షల్లో ఏ ఒక్కరికో వచ్చే రకం. నాలుగు విడతల కీమోతో అది సగానికి తగ్గాక ఇవాళ ఆపరేషన్ పెట్టుకున్నారు. నిన్న సర్జన్ అంతా విడమరిచి చెబుతుంటే తల్లి వినలేక బయటికొచ్చేసింది. విన్నదీ, సంతకం పెట్టిందీ భర్తే. ఇప్పుడతను రక్తం ఇవ్వడానికి కింది అంతస్తుకు వెళ్ళాడు.

లోపలికి వెళ్తూ పాప అడిగింది ఒక్కటే, గడ్డ తీసేశాక జడ వేసుకోవచ్చా అని.

గంటన్నరకి ఆయా టీ తెచ్చిచ్చింది. ఇంకా చాలాసేపు పడుతుందని తృప్తిగా చెప్పింది. ఆమెను ఇక్కడ అందరూ గడియారమ్మ అంటారని నర్సు నవ్వింది. గంటలు గడిచేకొద్దీ గడియారమ్మ ముఖం విప్పారుతోంది. మూడో గంటకి వార్డుబాయ్ మీద జోకులేసింది. ఆ తర్వాత, "నాలుగు గంటలు దాటాయమ్మా," అంది, పెళ్ళికబురు చెప్పినట్టు.

తల్లికి ఒళ్ళు మండింది.

"నా బిడ్డ కత్తి కింద ఉంటే మీకు సంబరంగా ఉందా? మీ బిడ్డయితే తెలిసేది."

ఆయా బకెట్టు తీసుకుని పక్కకు జరిగింది. అక్కణ్ణుంచి మాత్రం పోలేదు.

ఆరు గంటలు దాటాక సర్జన్ బయటికొచ్చింది. గడ్డ మొత్తం తీసేశామనీ, ఇంకో రెండు విడతల కీమో ఉంటుందనీ చెప్పింది. ఇంతసేపెందుకు పట్టిందని తల్లి అడిగింది.

"తీయగలిగాం కాబట్టే ఇంతసేపు. పొట్ట తెరిచాక అంతటా పాకిపోయి కనిపిస్తే, చేసేదేమీ ఉండదు. కుట్లేసి వెంటనే తెచ్చేస్తాం. నిన్న మీ ఆయనకు చెప్పానుగా."

ఎప్పుడొచ్చాడో, భర్త వెనకాలే తల దించుకుని నిలబడి ఉన్నాడు.

తల్లి ఆయా దగ్గరికి వెళ్ళింది. క్షమించమనబోయి, ఆమె చేయి పట్టుకుంది.

"ఇవన్నీ మీకెలా తెలుసు?" అంది చివరికి.

ఆయా కర్ర గోడకు ఆనించి, గడియారం వైపు చూసింది.

"మా వాణ్ణి నలభై నిమిషాలకే తెచ్చేశారు."