మాడిన నువ్వుల వాసన

"కండ్లు మూసుకో. వేలుతోని ముక్కు ముట్టుకో."

సాయిలు కళ్లు మూసుకుని వేలు చాచాడు. అది సూటిగా ముక్కు కొసకే తగిలింది. నేల మీద గీసిన సుద్దగీత వెంట నడవమంటే తడబడకుండా నడిచాడు. మోకాలి చిప్ప కింద సుత్తితో తడితే కాలు ఎగిరింది. డాక్టర్ కిషన్‌రావు పెన్సిలు అటూ ఇటూ తిప్పితే కళ్లు దాని వెంటే పోయాయి. గండం గడిచిందనుకున్నాడు సాయిలు.

నల్లగొండ దవాఖాన గేటు దగ్గర ఇద్దరు జవాన్లు కాపలా ఉన్నారు. యూనియన్ మిలిట్రీ వచ్చి రెండు నెలలైంది. బస్సులు, లారీలు నడిపేవాళ్లంతా డాక్టరు చిట్టీ తెస్తేనే లైసెన్సు తిరిగి ఇస్తామని కొత్త సర్కారు హుకుం. ఆరేళ్లుగా చిట్యాల బస్సు నడుపుతున్న సాయిలుకు స్టీరింగు తప్ప మరో విద్య రాదు.

"తలకాయ మీద గీ మచ్చ ఏంది?"

"బస్సు మీదికెల్లి పడ్డ, డాక్టర్ సాబ్."

అబద్ధం. పోయిన ఎండాకాలం రజాకార్లు బస్సు ఆపి, కమ్యూనిస్టు సంఘపోళ్లను ఎక్కడ దింపావో చెప్పమని తుపాకీ మడమతో కొట్టిన దెబ్బ అది. వాళ్లు పోయారు గానీ, వచ్చినవాళ్లూ వెతుకుతున్నది సంఘపోళ్లనే. నిజం చెబితే అది ఎక్కడికి దారితీస్తుందో!

"పోయిన నెల నీ బస్సు చేన్లకు పోయిందట?"

"స్టీరింగు పట్టేసింది సాబ్. ఎవ్వలకేం కాలె."

"ఎంతమంది ఉన్నరు బస్సుల?"

"ఇరవై ఆరు."

డాక్టరు ఏమీ రాసుకోలేదు. లేచి వెళ్లి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"బస్సు రోడ్డు దిగకముందు నీకు ఏదన్న వాసనొచ్చిందా?"

"వాసనా?"

"ఏదో మాడినట్టు. నువ్వులు మాడినట్టు."

ఆ వాసన సంగతి సాయిలు లోకంలో ఒక్కరికే చెప్పాడు. భార్య అండాలుకు. ఇప్పుడామె బయట వరండాలో కూర్చుని ఉంది. వద్దంటే వినకుండా వెంట వచ్చింది. ఇందాక తాను చెప్పులు విడుస్తుంటే డాక్టరు ఆమెతో ఏదో మాట్లాడటం కళ్లారా చూశాడు. బస్సు చేలల్లోకి పోయిన నాటినుంచి ఆమెది ఒకటే పోరు: "ఆ బస్సొద్దు. మా అన్న దగ్గరికి పోయి ఎవుసం చేసుకుందాం."

"ఏ వాసనా రాలె సాబ్."

"వాసనొచ్చినంక మాటలు దూరమైతయి. బాయిలకెల్లి ఎవరో మాట్లాడినట్టు. ఎడమచెయ్యి బొటనేలు దానంతట అదే కొట్టుకుంటది. తెలివొచ్చినంక నడుమ ఏమైందో యాదికుండది. అవునా?"

సాయిలు ఎడమచేతిని తొడ కిందికి నెట్టుకున్నాడు.

"ఎవలు చెప్పిండ్రు మీకు?"

"ఎవలు చెప్తేంది? ఎన్నిసార్లొచ్చింది?"

"అండాలు చెప్పిందా?"

"అడిగినదానికి జవాబు చెప్పు."

"నాలుగుసార్లు. మూడుమాట్ల ఇంట్ల. ఒక్కపారే బస్సుల. జర దయసూడుండ్రి సాబ్. ఇకనుంచి వాసన రాంగనే బస్సు ఆపుత."

"ఆపలేవు. ఆపాల్ననే అనుకుంటవ్. కాలు మాట ఇనదు."

ఎంత ధీమాగా చెబుతున్నాడో చూడు, అనుకున్నాడు సాయిలు.

"కుర్సీల కూసుండి చెప్పుడు అల్కనే సాబ్! స్టీరింగు పట్టినోనికి దాన్ని ఇడుసుడంటే ఏందో మీకేం తెలుసు? మీకేంది, మీ మోటారు మీరే నడుపుకుంట ఊర్లన్ని తిరుగుతరు!"

డాక్టరు కిటికీలోంచి బయట నిలిపిన తన మోటారు వైపు చూశాడు. తర్వాత కలం తీసి ఉర్దూలో చిట్టీ రాసి ముందుకు తోశాడు. సాయిలు ఉర్దూ మూడో జమాతు దాకా చదివాడు. కూడబలుక్కున్నాడు. 'మూర్ఛరోగం ఉంది. బండి నడపరాదు.'

"మందు రాసిస్త. రోజూ మర్వకుండ ఏసుకో. ఏడాదిపాటు రాకపోతే మల్ల సూద్దాం."

సాయిలు తలుపు తోసుకుని బయటికి వచ్చాడు. అండాలు లేచి నిలబడింది.

"ఏమన్నడు?"

"నన్నడుగుతున్నవా? అంత నువ్వే చెప్పి!"

"నేనేం చెప్పిన? మందుకు సీసా తెచ్చినవా అనడిగిండు, గంతే. నీ మీద ఒట్టు."

"ఒట్లు పెట్టకు. నా నోటికాడి బువ్వ గుంజినవ్. ఇగ నీ మొఖం సూడ."

అండాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పోతే పోనియ్యి ఆ బస్సు," అంది ఏడుస్తూ. "నువ్వు మిగిల్నవ్, నాకదే సాలు."

ఇంకేం రుజువు కావాలి? సాయిలు ఆమెను అక్కడే వదిలేసి నాలుగడుగులు వేశాడు.

"సాయిలూ!" లోపలినుంచి డాక్టరు కేక వేశాడు. "నీకు సంతకం చేసుడొస్తది కద? ఇంకో చిట్టీ రాసిన. సాక్షి కావాలె."

ఇంకో డ్రైవరు బతుకు కూడా ఈ పూటతోనే తెల్లారిందన్నమాట! పళ్లు కొరుకుతూ లోపలికి వెళ్లి కాగితం దగ్గరికి లాక్కున్నాడు. సిరా ఇంకా ఆరలేదు. అవే మాటలు. మూర్ఛరోగం ఉంది. బండి నడపరాదు. ఆ అభాగ్యుడెవరోనని పై వరుసలో రోగి పేరు చదివాడు.

డాక్టర్ కిషన్‌రావు.