తలకిందుల అక్షరాలు

"మీ రోజా అక్షరాలన్నీ తలకిందులుగా రాస్తోందండీ. రేపు ఇంకోసారి రాయించి చూస్తాను. ఇలాగే రాస్తే మళ్ళీ ఎల్కేజీలోనే ఉంచెయ్యాలి."

స్కూలు గేటు దగ్గర, అందరి ముందూ అనేసింది వాగ్దేవి టీచరు. చెరుకు ట్రాక్టర్లని తప్పించుకుంటూ ఇంటికొచ్చేదాకా ప్రవల్లిక చెవుల్లో ఆ మాటే గింగురుమంటూ ఉంది. తలకిందులుగానట! ట్యూషన్ పెట్టించమని మొగుడు హరిబాబు మొత్తుకున్నా వినకుండా, రోజూ సాయంత్రం తనే రాయిస్తోంది. ముత్యాల్లా రాస్తుంది పిల్ల. తోటివాళ్ళంతా పై క్లాసుకెళ్ళిపోతే ఇదొక్కత్తే మిగిలిపోవడమా?

హరిబాబు ఫ్యాక్టరీ డ్యూటీకి వెళ్ళేలోపు కూర అయిపోవాలి. ప్రవల్లిక కత్తిపీట వాల్చుకుని బెండకాయలు తరగడం మొదలెట్టింది. రోజా పలకా బలపం పట్టుకుని రోజూలాగే ఎదురుగా చతికిలబడింది. కత్తిపీట పక్కకి పిల్లని రానిస్తే ఇంకేమైనా ఉందా!

"అమ్మ అని రాయే."

రోజా మెడ ఒక పక్కకి వాల్చి, నాలిక బయటపెట్టి, బలపం నొక్కి పట్టింది. ఎంతకీ తెమలదే!

"రెండచ్చరాలకి ఇంతసేపేటే?"

"ఉండమ్మా, కష్టం కదా!"

కూర్చున్నచోటు నుంచే తొంగి చూసింది ప్రవల్లిక. అ, మ్మ. రెండూ తీర్చిదిద్దినట్టున్నాయి. ఒళ్ళు మండిపోయింది. ఇంత బాగా రాసే పిల్లకి వంక పెడతారా? అక్కణ్ణించే ఫోటో తీసి టీచరుకి వాట్సాప్ చేసింది.

జవాబు వెంటనే వచ్చింది.

"మీరు రాసింది కాదండీ, పాప రాసింది పంపండి."

"సూసేవా! నేనే రాసేనంట! నేను అబద్దాలాడతన్నానంట!" ఉక్రోషంతో ప్రవల్లికకి కళ్ళంట నీళ్ళొచ్చేశాయి. "ఒసే, సెరిపేసి మళ్ళీ రాయి. వీడియో తీసి పంపుతాను. అప్పుడేటంటాదో సూస్తాను!"

పిల్ల చెయ్యీ పలకా రెండూ ఫోన్లో బాగా పడాలి. కత్తిపీట గోడవారకి నెట్టేసి, గబగబా వెళ్ళి రోజా వెనకాల నిలబడి వంగింది.

రోజా బలపం ఆపేసింది. చిరాగ్గా వెనక్కి తిరిగింది.

"ఇటెందుకొచ్చేవమ్మా, నువ్వటేపు కూకుంటే నీకు తిన్నగా అవుపడాలనే కదా నేను తిరగేసి రాస్తన్నాను!"